మా పడవల కొట్టంలో హంతకుడు

సినిమా వాళ్లొస్తున్నారన్న సంగతి నాకు బస్సులో తెలిసింది. అప్పట్లో నేను సముద్రపొడ్డున మా ఊరు స్కార్వికాలో స్కూలు బస్సు నడిపేదాన్ని. ఊళ్లో ఏ కబురైనా మా ఇంటికి అందరికంటే చివర చేరేది. కానీ వెనక సీట్లలో పిల్లల నోళ్లకి తాళం ఎవరు వెయ్యగలరు?

"తప్పిపోయిన పిల్లాడి కథంటరా. హెలికాప్టరు కూడా వస్తుందంట."

"మా అమ్మ అప్పుడే పేరిచ్చేసింది. వెతికేవాళ్ల గుంపులో నడుస్తుందంట. పొద్దున్నుంచీ వంటింట్లో నడక ప్రాక్టీసు."

"మరి పిల్లాణ్ణి మాయం చేసేదెవరు?"

"ఎవడో ముసలోడంట. పడవలుంటాయంట వాడికి."

అంతే. అద్దంలోకి చూస్తే కళ్లన్నీ నా మెడ మీదున్నాయి. ఆ మాటన్న పిల్లాడు ఎర్రబడిపోయి కిటికీ అవతల గొర్రెల్ని చూస్తున్నాడు. వాడు పుట్టకముందు ఎప్పుడో జరిగిన సంగతి అది. అయినా వాడికి తెలుసు. మా ఊళ్లో ఎవరూ ఎవరికీ చెప్పరు, అందరికీ తెలుసు.

జరిగింది ఇదీ. నాకు పన్నెండేళ్లప్పుడు, ఒక అక్టోబరు మధ్యాహ్నం, ఊళ్లో ఓడ్నీ అనే ఆవిడ ఒక్కగానొక్క కొడుకు ఐవిన్ కనబడకుండా పోయాడు. వాడికి ఏడేళ్లు. వాడు చివరిసారి కనిపించింది మా నాన్న పడవల కొట్టం దగ్గర. నాన్న పేరు మాగ్నార్. ఆయన ఒకటే మాట చెప్పాడు: "నా బుల్లి పడవ కూడా లేదు. పిల్లాడే తీసుకుపోయుంటాడు." ఆ రోజు గాలి సముద్రం మీంచి ఊరివైపు కొడుతోంది. పోలీసులు ఖాళీ పడవ ఒకటి నీళ్లలో వదిలి చూశారు. అది బుద్ధిమంతుడిలా తిరిగి ఒడ్డుకే వచ్చింది. మరి నీ పడవేదీ అన్నారు.  కొన్ని వారాలు తిప్పి తిప్పి ప్రశ్నలేసి, సాక్ష్యం లేక వదిలేశారు. ఊరు మాత్రం వదల్లేదు. మొహం మీద ఒక్క మాటా అనలేదు. మా గడప తొక్కడం మానేసింది, అంతే. మా అమ్మ ఆ చలికాలమే వాళ్ల అక్క దగ్గరికి వెళ్లి అక్కడే ఉండిపోయింది.

అలాంటి ఇంటి తలుపు సెప్టెంబరులో ఒకరోజు దర్శకురాలు తట్టింది. పేరు విబెకె. పొడుగాటి మనిషి, తడిసిన జుట్టు, బూట్ల నిండా బురద. ఊరంతా తిరిగిందట, మా కొట్టంలాంటి కొట్టం ఇంకెక్కడా లేదట. తారు పూసిన ఆ నల్ల గోడలు, పడవల్ని జార్చడానికి నీళ్లలోకి వేసిన ఆ పట్టాలు చూస్తుంటే తను రాసుకున్నది ఎవరో ముందే కట్టి పెట్టినట్టుందంది. పాపం, ఆమెకి ఎవరూ ఏమీ చెప్పలేదు.

"ఏం సినిమా?" అన్నాడు నాన్న.

"పిల్లాడు తప్పిపోతాడు. పోలీసు ఆఫీసరు వెతుకుతుంది. చివరికి..." ఆమె కొంచెం మొహమాటపడింది. "చివరికి నేరం చేసినవాడు ఇలాంటి కొట్టంలో దొరుకుతాడు."

నేను కుర్చీలోంచి లేచాను. వద్దని చెప్పబోయాను. నాన్న నాకంటే ముందే కెటిల్ స్టవ్వు మీద పెట్టాడు.

"కాఫీ తాగుతారా? ఎంతమంది వస్తారు మీరు?"

"నలభై మంది దాకా."

"నలభై మందా," అన్నాడు నాన్న. ఆయన మొహం చూశాను. నా జీవితంలో ఆయన మొహంలో అంత వెలుగు చూడలేదు.

ఆమె వెళ్లాక ఇంట్లో పెద్ద గొడవ చేశాను. "మతి పోయిందా నీకు? ఊరు మొత్తం పళ్లికిలిస్తుంది. మన కొట్టంలోనే, మన గుమ్మంలోనే..."

"యోరున్," అన్నాడు నాన్న కప్పులు కడుగుతూ. "ఇన్నేళ్లలో ఈ ఇంటికి వస్తామని ఎవరన్నా అడిగారా? వీళ్లు అడిగారు."



అక్టోబరు మొదట్లో లారీలు దిగాయి. ఆ తర్వాత మా ఇల్లు మా ఇల్లులా లేదు. పెరట్లో భోజనాల డేరా, వసారా నిండా వైర్లు, మా బాత్‌రూమ్ ముందు మేకప్ వాళ్ల క్యూ. నాన్న రోజూ గడ్డం గీసుకోవడం మొదలెట్టాడు. పొద్దున్నే లేచి వాఫిల్స్, అదే గళ్ల అట్లు, పోసేవాడు, పైన గోధుమరంగు చీజు ముక్క పెట్టి లైట్లు మోసే కుర్రాళ్ల చేతుల్లో పెట్టేవాడు. వాళ్లు ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు. "మాగ్నార్, ఈ వంకీ దేనికి? మాగ్నార్, వల ఎలా ఆరేస్తారు?" అడిగినవాడికి అడిగినంత చెప్పేవాడు. సాయంత్రానికి గొంతు బొంగురుపోయేది. అన్నేళ్లు వాడని గొంతు కదా.

నేరస్తుడి వేషం వేసేవాడు సిండ్రే అని, బెర్గెన్ నుంచి వచ్చాడు. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. నీళ్లు చూస్తే చాలు, మొహం పచ్చబడేది.

"నాకు బాత్‌టబ్బులో కూడా కడుపులో తిప్పుతుంది," అనేవాడు. "నన్ను జాలరిని చేశారు వీళ్లు."

"నువ్వు పడవ నడపక్కర్లేదయ్యా, పిల్లాణ్ణి చంపితే చాలు," అన్నాడు నాన్న నవ్వుతూ. మేకప్ పిల్ల పగలబడి నవ్వింది. నాకు మాత్రం చేతిలో ప్లేటు జారినంత పనైంది.

సిండ్రేని పక్కన కూచోబెట్టుకుని నాన్న తాడు ముడులు నేర్పాడు, చలిలో వేళ్లెలా ముడుచుకోవాలో, తెడ్డు భుజం మీద ఎలా పెట్టుకోవాలో చూపించాడు. వారం తిరిగేసరికి సిండ్రే మా నాన్న నడక నడుస్తున్నాడు. కిటికీలోంచి చూసి నేను రెండుసార్లు మోసపోయాను.

వెతుకులాట సీను తీసిన రోజు ఊరంతా మా పొలం గట్టు మీదే ఉంది. నా బస్సులోనే తీసుకొచ్చాను. పసుపుపచ్చ రెయిన్‌కోట్లలో ఎనభై మంది, చేతుల్లో కర్రలు. బస్సెక్కింది మొదలు ఒకటే సందడి.

"ఏమే, లిప్‌స్టిక్ వేసుకొచ్చావా? పిల్లాడు తప్పిపోయాడే."

"కెమెరా తప్పిపోలేదుగా."

నిజంగా ఐవిన్ కోసం వెతికినప్పుడు కూడా ఆ గట్టు మీదే నడిచారు వాళ్లలో సగం మంది. వరసగా నిలబడి, సినిమాలో పిల్లాడి పేరు "యోనాస్" అని అరుస్తుంటే మొదటిసారికి నవ్వులు వినబడ్డాయి. మూడోసారికి ఎవరూ నవ్వలేదు. నాలుగోసారి విబెకె కట్ చెప్పాక కూడా కొందరు అరుస్తూనే నడిచారు.

ఓడ్నీ రాలేదు. కయ్యకి, అంటే ఊళ్లోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయకి, అవతలి ఒడ్డున ఆమె ఇల్లు, అన్ని కిటికీలకీ పరదాలు.

భోజనాల డేరా మా పెరట్లో కాబట్టి అందరూ మా పెరట్లోకి రాక తప్పలేదు. రేవు చూసుకునే బిర్గెర్ మా గేటు దగ్గర ఆగాడు. వర్షం కారుతోంది, లోపల వేడి సూపు వాసన. అటూ ఇటూ చూసి లోపలికొచ్చాడు. నాన్న కాఫీ పాత్ర పట్టుకుని ఎదురొచ్చాడు.

"పాలు పొయ్యనా?"

"వద్దు."

నాన్న కాఫీ పోశాడు. బిర్గెర్ తాగాడు. అంతే వాళ్ల సంభాషణ. ఆ పూట నాన్న ఆ పాత్ర మళ్లీ మళ్లీ నింపుకుని డేరాలో తిరుగుతూనే ఉన్నాడు.

రెండు రోజుల తర్వాత సిండ్రే మా వంటింట్లోకి వచ్చి టోపీ తీసి నిలబడ్డాడు. మొహం సముద్రం మీద ఉన్నప్పటికంటే అధ్వాన్నంగా ఉంది. రేవు దగ్గర ఎవరో ఐవిన్ సంగతి చెప్పేశారట.

"నేనెవరి వేషం వేస్తున్నానో నీకు మొదట్నుంచీ తెలుసా?" అన్నాడు నాన్నతో.

"తెలుసు. కూచో."

"నాకు ముడులు నేర్పావు. నడక నేర్పావు. ఎందుకయ్యా?"

నాన్న బంగాళదుంప తొక్క తీస్తున్నాడు. తియ్యడం ఆపలేదు. "నువ్వు ఎలాగూ వెయ్యక తప్పదు. తెడ్డు తప్పుగా పట్టుకుంటే నాకు సిగ్గు."

తర్వాత సిండ్రే అడిగితే ఆ రోజు సంగతి చెప్పాడు. ఐవిన్ పడవ కావాలని అడిగాడు. కారుతోంది, రేపు బాగుచేశాక ఇద్దరం వెళ్దాం అన్నాడు నాన్న. దాని చెక్కల మధ్య కుక్కడానికి తారు కలపాలని కొట్టం వెనక్కి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి పడవా లేదు, పిల్లాడూ లేడు. "ఇదే పోలీసులకి చెప్పాను. గాలి ఇటు కొడుతుంటే పడవ అటెలా పోతుందన్నారు. నాకూ అర్థం కాలేదు. ఇప్పటికీ అర్థం కాలేదు."

సినిమాలో ఒక బుల్లి పడవ అవసరమైంది. పిల్లాడు ఎక్కి వెళ్లాడేమోనని పోలీసులు కాసేపు అనుమానపడే సీను. పడవ నాన్నే కట్టాడు. ఎవరూ అడక్కుండానే పాతదాని కొలతల్తోనే కట్టాడని నేను కనిపెట్టాను. సరిగా ఎండని చెక్క కావడంతో అదీ కారుతూనే ఉంది. అందులో పిల్లాడి బొమ్మని కూచోబెట్టి పొడుగాటి తాడుతో కట్టి నీళ్లలోకి వదిలారు.

పున్నమి రోజులవి. ఏడాదిలోకెల్లా పెద్ద పాటు వచ్చే రోజులు, సముద్రం బాగా వెనక్కి పోతుంది. మధ్యాహ్నం భోజనాలవుతున్నాయి, పడమటి గాలి ముదిరింది. తాడు ఎప్పుడు తెగిందో ఎవరూ చూడలేదు.

"పడవ పోయింది," అని ఎవరో కేక వేశారు.

"ఎక్కడికి పోతుంది? గాలి ఇటే కొడుతోందిగా. అదే వస్తుంది," అన్నాడు బిర్గెర్ సూపు తాగుతూ.

నాన్న బైనాక్యులర్స్ తీసుకుని బండ మీదకి ఎక్కాడు. నేను వెనకే వెళ్లాను. చాలాసేపు చూశాడు. 

"యోరున్. అది రావడం లేదు."

నేను తీసుకుని చూశాను. బొమ్మ తల మాత్రం కనిపిస్తోంది. పడవ అంచులు నీళ్లకి సమానంగా ఉన్నాయి. అలలు ఒడ్డు వైపు పరిగెడుతుంటే అది మాత్రం నింపాదిగా, గాలికి ఎదురుగా, కయ్య బయటికి పోతోంది.

"నిండా నీళ్లెక్కాయి దానికి," అన్నాడు నాన్న.  "గాలికి పట్టు లేదు. కింద పాటు లాగుతోంది. వాళ్లు ఖాళీ పడవ వదిలారు, యోరున్. ఖాళీది వదిలారు. నాది కారే పడవ."

అంత వయసు మనిషి ఆ బండల మీదినుంచి పరిగెత్తడం నేను చూశాను. నేను మోటారు బోటు తాడు విప్పేలోపల ఆయన అందులో ఉన్నాడు. వెనకాల ఇంకెవరో దూకారు, బోటు ఊగింది. సిండ్రే.

"నీకెందుకయ్యా?" అన్నాడు నాన్న.

"బోటు పోనివ్వు," అన్నాడు సిండ్రే అంచుని రెండు చేతులా పట్టుకుని.

కయ్య దాటగానే అలలు మీద పడ్డాయి. నేను చుక్కాని పట్టుకున్నాను, నాన్న ముందు మోకాళ్ల మీద కూచుని చేత్తో దారి చూపిస్తున్నాడు. ఎడమకి. ఇంకా ఎడమకి. బొమ్మ ఎర్ర టోపీ కనిపించడం, మాయమవడం, మళ్లీ కనిపించడం.  అది బొమ్మని నాకు తెలుసు. దాని చేతులు మా వంటింట్లోనే కుట్టారు. అయినా "ఆగు, ఆగు" అని దాంతో మాట్లాడుతున్నాను. సిండ్రే ఒకసారి పక్కకి వంగి వాంతి చేసుకుని, మూతి తుడుచుకుని, "కుడివైపు, అదిగో" అని అరిచాడు.

పడవ పెద్ద రాతి తిప్ప చుట్టూ తిరిగి దాని వెనక్కి పోయింది. అక్కడ కొండ చీలి ఉంటుంది. గొర్రెగొంతు అంటాం. ఎప్పుడూ నురగలు కక్కుతుంటుంది, పక్కకి కూడా ఎవరూ పోరు. ఆ రోజు సముద్రం అంతగా వెనక్కి పోయింది కాబట్టి దాని నోరు తెరుచుకుని ఉంది. లోపల గులకరాళ్ల గట్టు నేనెప్పుడూ చూడనిది. మా కళ్ల ముందే పడవ అందులోకి జారిపోయింది.

బోటుని బయట రాతికి ఆనించి పట్టుకున్నాను. నాన్న, సిండ్రే మోకాళ్ల లోతు నీళ్లలో లోపలికి వెళ్లారు. కాసేపు అలల మోతే తప్ప ఏమీ వినపడలేదు. తర్వాత సిండ్రే గొంతు.

"మాగ్నార్, ఇక్కడ రెండున్నాయి."

తాడు రాతికి ముడేసి నేనూ వెళ్లాను. కొత్త పడవ బోర్లా పడి ఉంది. దాని వెనక, గట్టు మీద, రాళ్లలో సగం కూరుకుపోయి పాత చెక్కలు. ముందు భాగం, కూచునే పలక ఒకటి మిగిలాయి. పలక కింద నాన్న తన పడవలన్నిటికీ చెక్కే గుర్తు, రెండు గీతల మీద ఒక వంపు. పక్కన రాళ్ల సందులో చిన్న రబ్బరు బూటు.

నాన్న వంగి ఆ గుర్తు మీద చెయ్యి పెట్టాడు.

"నాదే," అన్నాడు.

సిండ్రే బూటు వైపు అడుగేస్తే నాన్న చెయ్యి అడ్డం పెట్టాడు. "ముట్టుకోవద్దు. పోలీసుల్ని రానీ. మళ్లీ ఎవరూ ఏమీ అనకూడదు." తర్వాత తన టోపీ తీసి, ఆ బూటుకి కొంచెం దూరంలో రాళ్ల మీద కూచున్నాడు. పోటొచ్చి నీళ్లు మళ్లీ లోపలికెక్కేలోపల రమ్మని రెండుసార్లు పిలవాల్సొచ్చింది.

మర్నాడు అదే పాటు వేళకి పోలీసులొచ్చారు. గట్టు తవ్వి, దొరికినవి ఒక పెట్టెలో పెట్టుకుని తీసుకెళ్లారు. ఐవినే అని కొన్నాళ్లకి తేల్చారు. షూటింగ్ ఆపేశారు. విబెకె వచ్చి మా వంటింట్లో కూచుంది.

"సగం పైన తీసేశాను, కథ మార్చలేను," అంది. "మీ కొట్టం వదిలేసి ఇంకెక్కడన్నా తీస్తాను. మీరు ఊ అంటే అసలు ఆపేస్తాను."

"అది సినిమా," అన్నాడు నాన్న. "కానివ్వండి. లైట్ల కుర్రాళ్లు ఇంకా వాఫిల్స్ తినలేదు."

ఆ ఆదివారం పొద్దున ఓడ్నీ వచ్చింది. కయ్య చుట్టూ నడిచే వచ్చింది. నేను తలుపు తీశాను. చిన్నప్పుడు అత్తా అని పిలిచేదాన్ని. ఇప్పుడేమని పిలవాలో తెలియక పక్కకి జరిగాను. నాన్న లేచి నిలబడ్డాడు. ఆమె కూచోలేదు.

"వాడు నిన్ను అడిగాడా, పడవ ఇమ్మని?"

"అడిగాడు."

"నువ్వేమన్నావు?"

"రేపు అన్నాను."

ఓడ్నీ తల ఊపింది. "రేపు అంటే వినేవాడు కాదు," అంది. "ఎప్పుడూ వినలేదు." కొక్కేనికున్న నాన్న కోటు తీసి ఆయనకిచ్చింది. "నన్ను అక్కడికి తీసుకెళ్తావా, మాగ్నార్?"

మోటారు బోటు ఉంది, నేను నడుపుతానన్నాను. ఇద్దరూ నా వైపు చూశారు. నాన్న పెద్ద తెడ్ల పడవ దించాడు. ఆ రోజు నీళ్లు అద్దంలా ఉన్నాయి. వంటింటి కిటికీలోంచి చూశాను: నాన్న తెడ్డు వేస్తున్నాడు, ఓడ్నీ ఎదురుగా కూచుంది. మాట్లాడుకుంటున్నారో లేదో అంత దూరం నుంచి తెలియలేదు. ఒడ్డున ఒక్కొక్కరే బయటికొచ్చి నిలబడ్డారు. బిర్గెర్, దుకాణం ఆవిడ, నా బస్సు పిల్లలు. పడవ తిరిగొచ్చేదాకా ఎవరూ కదల్లేదు. పడవ ఆనగానే బిర్గెర్ నీళ్లలోకి దిగి, బూట్లు తడుస్తున్నా చూసుకోకుండా, దాని ముక్కు పట్టుకుని పైకి లాగాడు.

ఆ చలికాలం మా గేటు మూసిన రోజు లేదు. ఎవరో ఒకరు వచ్చేవాళ్లు. చేపలు తెచ్చేవాళ్లు, కేకు తెచ్చేవాళ్లు, ఏమీ తేకుండా వచ్చి వాతావరణం గురించి మాట్లాడి వెళ్లేవాళ్లు. క్షమించమని ఎవరూ అనలేదు. నాన్న ఎవర్నీ అడగలేదు. మంచు కురుస్తుంటే కూడా తలుపు దగ్గర నిలబడి సాగనంపేవాడు.

మార్చిలో విబెకె సినిమా పట్టుకొచ్చింది. పట్నాల కంటే ముందు మాకే చూపిస్తానని మాటిచ్చిందట. సమావేశ మందిరంలో తెర కట్టారు, కుర్చీలు చాల్లేదు. నాన్న రానని మొండికేశాడు. ఓడ్నీ ఫోన్ చేసింది. "బూట్లు వేసుకున్నావా? నేను మీ గేటు బయట బస్సు దగ్గరే నిలబడ్డాను," అని పెట్టేసింది. ముగ్గురం ముందు వరసలో కూచున్నాం, నాన్న మా ఇద్దరి మధ్య.

ఎంత బాగా తీసింది. గట్టు మీద వెతుకుతున్న పసుపుపచ్చ కోట్లు రాగానే హాలంతా కేరింతలు, "అదిగో నేను, అదిగో నా వీపు" అని. తర్వాత కథ బిగిసింది, కేరింతలు ఆగాయి. చివరికి పోలీసు ఆఫీసరు మా కొట్టం తలుపు తోసుకుని లోపలికెళ్లింది. సిండ్రే వల మీంచి తలెత్తి చూశాడు, అచ్చం మా నాన్నే. చేతులకి బేడీలు వేశారు. మా పట్టాల మీదుగా నడిపించుకుంటూ తీసుకెళ్తున్నారు.  వెనక ఎవరో కుర్చీలో ఇబ్బందిగా కదిలారు.

ఓడ్నీ అప్పుడు అంది. గట్టిగా ఏమీ కాదు, దుకాణంలో తప్పు పొట్లం ఇస్తే చెప్పినట్టు.

"ఈయన కాదు."

నాన్నకి ఆ పక్క చెవి సరిగా వినపడదు. నా వైపు వంగాడు.

"ఏమంది?"

చెవిలో చెప్పాను.

"గట్టిగా చెప్పవే, వినపడ్డం లేదు."

నేను చెప్పాను, హాలంతా వినపడేలా.